ఎండుకొమ్మలే కొట్టించాను

జనవరి 2

పాల సొసైటీ వాళ్ళు పాలు పోసేవాళ్ళందరికీ తలా ఒక డైరీ పంచారు. పంకజకు నీలం అట్టది, నాకు గోధుమరంగుది. మార్చమంటే సెక్రటరీ "లోపల కాగితాలు ఒకటేనమ్మా" అన్నాడు. ఒకటే అయితే మార్చడానికి ఏం నొప్పి? పంకజ దాన్ని ఏం చేసుకుంటుంది, సంతకానికే పావుగంట తీసుకునే మనిషి. సొంత తోడికోడలు కాబట్టి ఇంతకంటే రాయను.

చింతచెట్టు కింద ఊడ్చి, గుంట తవ్వించి, చెరువుమట్టి పోయించాను. గూడబాతులు దిగాక రెట్టలన్నీ అందులోనే పడి ఎండాకాలం చివరికి పొలానికి మంచి ఎరువు తయారవుతుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఈ పని నాదే. వాటిని ఊరంతా కాన్పుకు పుట్టింటికొచ్చే ఆడపిల్లలంటారు. ఆ ఆడపిల్లలు ఏటా మొదట దిగేది మా చెట్టు మీదే. గోడకు అవతల పంకజ వాళ్ళకూ ఒక చింతచెట్టుంది. ఉందంటే ఉంది. నాలుగైదు గూళ్ళు పడితే వాళ్ళకు అదే పండగ.

కార్తికంలో మా చెట్టు పైన ఎండుకొమ్మలు కొట్టించాం. ఎండుకొమ్మలు మాత్రమే.

సాయంత్రం అత్త అంది, "జయా, నా నడుం ఇక వంగట్లేదు. ఈసారి పిల్లలు తిరిగి వెళ్ళేలోపు చేట ఒకరికి అప్పజెప్పేస్తాను." మొదటి గూడు పడిన చెట్టు కింద ఒడి నింపే చేట అది. అత్తకు వాళ్ళ అత్త ఇచ్చింది. దానికి ముత్తైదువే కావాలన్న పట్టింపు లేదు, చేయి మంచిదైతే చాలు. ఊళ్ళో సగంమందికి పురుడు పోసింది అత్త చేయే.

"ఒకరికి" అంది. పెద్దకోడలిని నేనుండగా ఆ ఒకరు ఎవరో చెప్పడానికి ఏమైంది?

జనవరి 5

అంగన్‌వాడీకి కొత్త పటం వచ్చింది. "ప్రకృతి కోసం పది చిన్న పనులు." అక్కడ టీచర్ని నేనే కదా, రోజూ పొద్దున్నే పిల్లల చేత చెప్పించాలట. ఒకటి, పక్షులకు గిన్నెలో నీళ్ళు పెడదాం. రెండు, టపాకాయలు మానేద్దాం. నాలుగు, ప్లాస్టిక్ సంచి వద్దు, గుడ్డసంచి ముద్దు. అయిదు, చెట్టు కింద కూర్చుని కాసేపు మాట్లాడకుండా విందాం. పిల్లలకు అయిదోది బాగా నచ్చింది, అందులో పడుకోవచ్చు కాబట్టి.

ఇంట్లో నీళ్ళ కాగు కింద కార్తికంలో కొట్టించిన ఆ కొమ్మలే పెడుతున్నాను. ఒకటే పొగ. అత్త పొద్దుటినుంచీ దగ్గుతోంది. "మంచుకు చెమ్మ పట్టాయి అత్తా" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది.

జనవరి 9

వచ్చాయి. ఏడు.

శింషా ఏటి వైపు నుంచి వచ్చి మా చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాయి. అత్త చేతులు జోడించింది. నేను చేట తేవడానికి లోపలికి పరిగెత్తి, తిరిగొచ్చేసరికి అవి మా చెట్టు మీద లేవు. గోడ అవతల చెట్టు మీద ఉన్నాయి, ఏడూ.

పంకజ పెరట్లో నోరు తెరుచుకుని నిలబడింది. "అక్కా, దారి తప్పి వచ్చినట్టున్నాయి" అంది. నవ్వు ఆపుకోవడం కూడా రాదు మనిషికి.

అవును, దారి తప్పాయి. రేపు సర్దుకుంటాయి.

జనవరి 10

సర్దుకోలేదు.

జనవరి 11

ఇవాళ పదిహేను. అన్నీ అక్కడే.

జనవరి 16

ఒడి నింపడం అయింది. పంకజ చెట్టు కింద.

చేటను మా ఇంట్లోంచి నేనే మోసుకెళ్ళాల్సి వచ్చింది. సేరు బియ్యం, కొబ్బరికాయ, బెల్లం, పసుపుకొమ్ము, తమలపాకులు, ఆకుపచ్చ గాజులు. అన్నీ నేను సర్దినవే. అత్త చెట్టు మొదట్లో గాజులు పెట్టి పైకి చూసి, "వచ్చారా తల్లీ, కాళ్ళు నొప్పులా? పుట్టిల్లే, మొహమాటం లేకుండా తినండి, కనండి, వెళ్ళండి" అంది. ఏటా అనే మాటే. ఆ చెట్టు కింద నిలబడి వింటే మాత్రం కొత్తగా ఉంది. చెవులు మండాయి.

పక్కవీధి చిక్కతాయి ఊరుకోలేదు. "ఏం జయశీలా, మీ ఆడపిల్లలు చిన్నమ్మగారింటికి మకాం మార్చేశారే?"

"చిన్నమ్మ అయినా పెద్దమ్మ అయినా ఇల్లొకటేగా" అన్నాను. బాగా అన్నాను. ఇంటికొచ్చి రాగిముద్ద కెలుకుతూ ఏడ్చాను. ముద్దలో ఉండలు కట్టాయి.

అసలు చెట్టు పైన కొన్ని కొమ్మలు లేనంత మాత్రాన పక్షి రాదా? ఎండుకొమ్మలే కదా పోయినవి. ఎండుకొమ్మలకు ఆకులు కొన్ని ఉంటే ఉన్నాయి.

జనవరి 24

మా ఆయన్ను చెట్టెక్కించాను. పాత వెదురు గంపలు నాలుగు పైన కట్టమన్నాను, గూడుకు ఆసరాగా ఉంటాయని. ఆయన పైనుంచి, "పెళ్ళాం మాట విని గూడబాతుకు పురిటిమంచం కడుతున్నవాణ్ణి మండ్య జిల్లాలో నేనొక్కణ్ణే" అని అరిచాడు. గోడ అవతల మరిది తమ్మయ్య నవ్వు. పంకజ నవ్వు. అత్త నవ్వు కూడా.

చెట్టు కింద ఎండుపుల్లలు ఒక మోపు పరిచాను. గూళ్ళకు పుల్లలు వెతుక్కుంటూ పోయే మగపక్షులు ఇవి చూస్తే ఇక్కడే ఆగుతాయని.

ఆగాయి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటీ వచ్చి, నా పుల్ల నోట కరుచుకుని, గోడ దాటి ఆమె చెట్టుకే పోయాయి. సాయంత్రానికి మోపు అయిపోయింది. నా పుల్లలతో ఆమె చెట్టు నిండింది.

జనవరి 30

గంపల్లో కాకి దూరింది.

ఫిబ్రవరి 6

అత్త నులకమంచం గోడ దాటింది.

పొద్దున తమ్మయ్య వచ్చి భుజాన వేసుకుని తీసుకుపోయాడు. పగలంతా పిల్లల దగ్గర ఉంటుందట, అన్నానికి వస్తుందట. "అక్కడైతే పొగ ఉండదే జయా" అంది వెళ్ళేటప్పుడు. ఇరవై నాలుగేళ్ళు నా చేతి ముద్ద తిన్న మనిషి. కాలు విరిగినప్పుడు ఆరు నెలలు ఎత్తి కూర్చోబెట్టింది నేను. పంకజ అప్పుడు పుట్టింట్లో జాతర చూస్తోంది.

మధ్యాహ్నం అన్నానికి రాకపోతే, ముద్దలోకి కాచిన బస్సారు చారు గిన్నెలో పోసి పంపాను. గిన్నె తిరిగొచ్చింది, కడిగి మరీ. అందులో పంకజ చేసిన అవరె చిక్కుడుగింజల కూర. తినలేదు నేను. మా ఆయన తిని, బాగుందన్నాడు. ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఫిబ్రవరి 8

మా ఆయనకు నేను మాట్లాడటం మానేసిన సంగతి ఇంకా తెలియలేదు.

ఫిబ్రవరి 19

పంకజ చెట్టు మీద నలభై ఒక్క గూళ్ళు. మిద్దె మీద నుంచి లెక్కపెట్టాను. బట్టలు ఆరేస్తూ కంటపడ్డాయి, కావాలని లెక్కపెట్టలేదు.

మైసూరు నుంచి ఎవరో మొగుడూ పెళ్ళాలు పెద్ద కెమెరా వేసుకుని వచ్చారు. పంకజ వాళ్ళకు మద్దూరు వడలు పెట్టి, ఫిల్టర్ కాఫీ ఇచ్చి, కరువు ఏడాది ఊళ్ళో గింజ లేకపోయినా ఈ పక్షులను ఒక్కరూ ముట్టుకోని కథ చెబుతోంది. ఆ కథ అత్త నాకు చెప్పింది. దానికి నేను చెప్పాను. అందులో కూడా మధ్యలో ఒక ముక్క మర్చిపోయి, "అక్కా, ఆ ముసలాయన పేరేంటి?" అని గోడ మీదుగా నన్నే అడిగింది. తెలియదన్నాను. తెలుసు. పట్నం ఆవిడ పంకజ భుజం మీద చేయి వేసి "మీరు ఈ పక్షులకు తల్లండీ" అంది.

నా మిద్దె మీద ఒక్క రెట్ట లేదు. అద్దంలా ఉంది. మోల్డింగ్ స్లాబ్ వేయించి ఏడాది కాలేదు, తెల్లటి టైల్స్. ఇలాగే ఉండాలని కదా అనుకున్నాను.

మార్చి 3

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. పొద్దున్నే ఒకటే గోల. ఆరునెలల పిల్లాడు గురక పెట్టినట్టు ఉంటుంది వాటి అరుపు. ఇన్నేళ్ళూ ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది నాకు. ఇప్పుడూ వస్తోంది, కాకపోతే దూరంగా.

పటంలో ఒకటి, రెండు, నాలుగు చెప్పించాను. గానవి అని నాలుగేళ్ళ పిల్ల, అన్నీ అడుగుతుంది. "టీచరమ్మా, మూడు?"

"మూడు రేపు."

"నిన్న కూడా రేపన్నారు."

నాలుగేళ్ళకే అంత జ్ఞాపకశక్తి అవసరం లేదు ఎవరికీ.

ఏప్రిల్ 14

నాలుగు గంటలప్పుడు గాలి లేచింది. వడగళ్ళు. నేను మిద్దె మీద మిరపకాయలు ఎత్తుతున్నాను. పంకజ చెట్టు ఒకసారి ఊగి, గోడ వైపు పెద్దకొమ్మ మొదట్లో విరిగింది. ఆ చప్పుడుకు మా ఆవులు పలుపు తెంచుకున్నాయి. కొమ్మ మీద పద్నాలుగు గూళ్ళు ఉండేవి.

విరగ్గానే నాకు మొదట అనిపించింది, మంచి పని అయింది అని. అనిపించింది కాబట్టి రాశాను. కొట్టేయను.

తరవాత పరిగెత్తాను. వానలో బురదంతా తెల్లటి నూగు. నెల దాటిన పిల్లలు, ఇంకా ఎగరలేనివి. పంతొమ్మిది చచ్చిపోయాయి. పంకజ వడగళ్ళలో కూర్చుని ఒక్కొక్కదాన్నే ఒళ్ళోకి తీసుకుని ఊపుతోంది, ఊపితే లేస్తాయన్నట్టు. అత్త మంచం మీద గోనెపట్టా కప్పుకుని "బతికినవి చూడండే ముందు, ఏడుపు తరవాత" అని అరిచింది. బతికినవి అయిదు దొరికాయి.

చిక్కతాయి వచ్చి "ఎవరి దిష్టి కొట్టిందో పాపం" అంది. నా మొహం చూసే అంది.

దిష్టి కాదు. ఏటా అయిదు గూళ్ళు మోసే చెట్టు నలభై ఒకటి మోసింది. బరువు అది. ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఏప్రిల్ 15

పిల్లలను ఎక్కడ ఉంచాలన్నది సమస్య. కింద ఉంచితే కుక్కలు. నా మిద్దె మీదకు కుక్కలు ఎక్కలేవు. "మా మిద్దె మీద ఉంచుదాం" అన్నాను. నా నోరే అంది ఆ మాట. తాటాకు పందిరి వేశారు.

తెల్లటి టైల్స్ మీద సాయంత్రానికే రెట్టలు.

ఏప్రిల్ 22

రోజూ పొద్దున మా ఆయన చెరువు నుంచి బుట్టెడు చేపలు తెస్తాడు. నేను తలలు తీసి ముక్కలు చేస్తాను. తాంబాళంలో పోసి ముందు పెడితే వాటికి తినడం రాదు, తల్లి సంచిలో ముక్కు పెట్టి తినడమే వాటికి తెలుసు. పంకజ ఉపాయం కనిపెట్టింది. పాత రబ్బరు బూటు అడుగు కోసి, దాన్ని సంచిలా పట్టుకుని, అందులో చేపలు వేసింది. తలలు లోపలికి పెట్టి తినేశాయి. అది నాకు తట్టకూడదా?

ఒకటి చచ్చిపోయింది. నాలుగు మిగిలాయి.

మే 9

వీటికి విశ్వాసం లేదు. నా మిద్దె, నా చేపలు, పన్నెండింటికి ఎండలో నీళ్ళు చల్లేది నేను. పంకజ మెట్ల మీద "బన్రో, బన్రో" అని పిలవగానే నాలుగూ మెడలెత్తి రెక్కలు కొట్టుకుంటూ దాని వైపు పడిపోతాయి. నేను ఎంత పిలిచినా ఒక కన్నుతో చూసి మళ్ళీ కునుకు. ఒకదానికి మాత్రం నేనంటే ఇష్టం ఉందనిపిస్తోంది. ఎడమ రెక్క కాస్త వంకర ఉన్నది. నా కొంగు లాగుతుంది.

పంకజ అంది, "అది అందరి కొంగూ లాగుతుంది అక్కా."

చెప్పకపోతే ఏం పోయింది దానికి?

మే 27

అత్త మంచం తిరిగొచ్చింది! మిద్దె మెట్ల కింద వేయించుకుంది. పిల్లలు ఇక్కడున్నాయి కదా అంటోంది. పిల్లల కోసమే రానీ, వచ్చింది.

నీళ్ళ కాగు కింద పొయ్యిలో ఇప్పుడు పొగ రావట్లేదు. ఆ కొమ్మలు అయిపోయాయి.

జూన్ 18

చెట్ల మీద పక్షులు సగం వెళ్ళిపోయాయి. మా నాలుగూ మిద్దె పిట్టగోడ ఎక్కి రెక్కలు విప్పి గాలి చూస్తున్నాయి. వచ్చే ఆదివారం శింషా ఒడ్డున వదలాలని ఊరు అనుకుంది.

అత్త అందరి ముందూ చెప్పింది. "ఆ రోజే చేట అప్పజెబుతా. జయకే. నాలుగు ప్రాణాలు నిలబెట్టిన చేయి అది."

చిక్కతాయి కూడా తల ఊపింది. చిక్కతాయి!

ఇవాళ నాకు ఆకలే వేయలేదు.

జూన్ 19

వంగపండు రంగు చీర కట్టుకోవాలా, ఆకుపచ్చదా? ఆకుపచ్చ గాజులకు ఆకుపచ్చ చీర మరీ ఎక్కువేమో. వంగపండు రంగుదే.

జూన్ 21

పంకజ గాజులు తెచ్చింది, చేటలో పెట్టమని. తన గాజులే, మద్దూరు సంతలో కొన్నవి, ఒక్కసారి కూడా తొడుక్కోలేదట.

"నీకే రావాలి అక్కా అది. నేను నీళ్ళు పెట్టాను, మట్టి పోశాను, కాపలా కాశాను. అయినా ఏమైంది? మొదటిసారి నన్ను నమ్మి ఇంతమంది వస్తే పంతొమ్మిది మందిని చంపుకున్నాను. నా చేయి మంచిది కాదు."

"అదేం మాట" అన్నాను.

"నిజమే కదా. మా ఆయన చెట్టు కొట్టేద్దామంటున్నాడు. మిగతా కొమ్మలు కూడా విరిగితే ఆ ఉసురు మాకెందుకని. వచ్చే మంగళవారం మనిషి వస్తాడు. నేను సరేనన్నాను."

నేను గాజులు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కమాట చెబితే చాలు, ఆ చెట్టు నిలబడుతుంది. ఆ ఒక్కమాట చెబితే చేట పోతుంది. పంకజ వెళ్ళేదాకా చూశాను. చెప్పలేదు.

జూన్ 22

చెబుతాను. ఆదివారం తరవాత. చేట తీసుకున్నాక చెప్పినా చెట్టు ఆగుతుంది కదా, మంగళవారం దాకా టైం ఉంది.

జూన్ 23

పిల్లలు చెప్పే పాఠానికి గొంతు కలపలేకపోయాను. గానవి అడక్కుండానే వదిలేసింది మూడోదాన్ని. ఒకటి, రెండు, నాలుగు, అయిదు. పిల్లలందరికీ అలాగే వచ్చేసింది. మూడు లేకుండా లెక్కపెట్టడం నేర్పాను నేను.

జూన్ 25, ఆదివారం

చీర వంగపండు రంగుదే కట్టుకున్నాను.

నాలుగింటినీ గంపల్లో మోసుకెళ్ళాం. ఒడ్డున గంపలు తెరవగానే మూడు నీళ్ళలోకి దిగిపోయాయి. వంకర రెక్కది కాసేపు ఇసుకలో నిలబడి, వచ్చి నా కొంగు లాగింది. ఆ తరవాత పంకజ కొంగు. ఆ తరవాత చిక్కతాయి కొంగు. అప్పుడు నీళ్ళలోకి పోయింది. పంకజ చెప్పింది నిజమే.

అత్త చేట పైకెత్తి "రావే జయా" అంది.

నా కాళ్ళు కదిలాయి. చేతులు కూడా చాచాను. చేట అంచు వేళ్ళకు తగిలింది. ఇరవై నాలుగేళ్ళ నుంచి కావాలనుకున్నది అది. పక్కన పంకజ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది, నా కోసం.

"అత్తా, అవి ఎండుకొమ్మలు కావు" అన్నాను.

"ఏవి?"

"కార్తికంలో కొట్టించినవి. పచ్చివి. చెట్టు పైభాగమంతా. కొత్త మిద్దె మీద రెట్టలు పడతాయని నేనే కొట్టించాను. మా ఆయన మీ ఆడపడుచు ఊరు వెళ్ళిన రోజు చూసి, ఏటి అవతలి నుంచి మనిషిని పిలిపించాను. అడిగినవాళ్ళందరికీ ఎండుకొమ్మలేనని చెప్పాను. నా చెట్టు మీద చోటు లేకే అవన్నీ పంకజ చెట్టు మీద పడ్డాయి. అందుకే విరిగింది. దాని చేతిలో తప్పు లేదు."

మా ఆయన నన్ను చూసిన చూపు రాయలేను.

అత్త మాత్రం తాపీగా అంది, "ఆరు నెలలు పట్టిందా నీకు ఆ మాట అనడానికి?"

"మీకు తెలుసా?"

"ఎండుకట్టె అయితే అంత పొగ ఎందుకొస్తుందే? ఊరందరి పురుళ్ళకూ నీళ్ళు కాచినదాన్ని. పచ్చికట్టె పొగ ఏదో, చెమ్మకట్టె పొగ ఏదో నా కళ్ళకు తెలియదా? ఆ పొగ పడకే కదా మంచం మార్చుకున్నాను."

"మరి చేట నాకెందుకు ఇవ్వబోయారు?"

"తిట్టినా నువ్వు చెప్పవు. ఇస్తే చెబుతావేమోనని."

చేట పంకజ చేతిలో పెట్టింది. పంకజ దాన్ని చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇంటికొచ్చి చీర మార్చుకున్నాను. అంతే.

జూన్ 27

మంగళవారం. మనిషి వచ్చాడు. తమ్మయ్య వెనక్కి పంపేశాడు. చెట్టు ఉంది.

జూన్ 29

పంకజ నాతో మాట్లాడటం లేదు. చేట వచ్చింది, చెట్టు నిలిచింది, ఇంకా ఏం కావాలి? తప్పు ఒప్పుకున్నది నేను, మూతి ముడుచుకున్నది ఆమె.

జూలై 2

ఇవాళ గోడ దగ్గరికి వచ్చింది. నేను బట్టలు పిండుతున్నాను.

"పంతొమ్మిదేళ్ళు అక్కా," అంది. "నేను ఈ ఇంటికి వచ్చి పంతొమ్మిదేళ్ళు. ఏటా నీ చెట్టు నిండేది, నేను గోడకు ఇవతల నిలబడి ఏడ్చేదాన్ని. నీ గుంట చూసి గుంట తవ్వాను. నీ కంటే ముందు లేచి నీళ్ళు పెట్టాను. ఒక్క ఏడాది, ఒక్కటంటే ఒక్క ఏడాది, నన్ను చూసి వచ్చాయనుకున్నాను. ఎంత సంతోషపడ్డానో నీకు తెలియదు. నువ్వు తరిమేస్తే వచ్చాయన్నమాట."

"నీ చేయి మంచిదని చెప్పడానికే కదా నేను…"

"చెప్పావు. మంచిదే చేశావు. కానీ నా దగ్గరికని వచ్చిన పక్షి ఒక్కటి కూడా లేకుండా చేశావు."

వెళ్ళిపోయింది. నేను తడి బట్టతో అలాగే నిలబడ్డాను. దాని దగ్గర ఉన్నదల్లా ఆ ఒక్క సంతోషమే. చెట్టు కాపాడి, అది లాక్కున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. పంతొమ్మిదేళ్ళు నన్ను చూసి ఏడ్చిందని విన్నప్పుడు నాలో ఎక్కడో కాస్త హాయిగా అనిపించింది. ఈ మనసును ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

జూలై 3

మూడు, పచ్చని కొమ్మ నరకవద్దు. చెప్పించాను. పదిసార్లు.

గానవి చేయి ఎత్తింది. "మరి మీరు నరికారంట కదా టీచరమ్మా, మా అవ్వ చెప్పింది."

"నరికాను."

"ఎందుకు?"

"మిద్దె మురికవుతుందని."

"మరి ఇప్పుడు మురికి అయిందా?"

"బాగా అయింది."

పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. నేను కూడా.

ఆగస్టు 20

కొట్టిన చోటల్లా ఎర్రటి చిగుళ్ళు. వేలెడు పొడవు. గూడు మోయాలంటే ఆరేడేళ్ళు పడుతుందని మా ఆయన అన్నాడు. మళ్ళీ మాట్లాడుతున్నాడు నాతో, చెట్టు గురించి అయితే. అప్పటికి నాకు యాభై నాలుగు వస్తాయి.

మిద్దె మీద టైల్స్ మరకలు పోలేదు. రుద్దడం మానేశాను.

అక్టోబరు 11

పంకజ గోడ మీద గిన్నె పెట్టి వెళ్ళింది. అవరెగింజలు ఇంకా రాలేదు కదా, పప్పుచారు. నేను గిన్నె కడిగి, బెల్లం వేసి తిప్పి పంపాను. మాటలు లేవు.

చారులో ఉప్పు ఎక్కువ. అయినా తిన్నాను.

డిసెంబరు 28

రెండు పెరళ్ళకూ కలిపి చెరువుమట్టి తోలించాడు మా ఆయన. పంకజ చెట్టుకు కొమ్మ విరిగిన వైపు బరువు పడకుండా నాలుగు వాసాలు ఆనించారు, అన్నా తమ్ముడూ కలిసి. గుంట నేను తవ్వాను. దాని గుంట. నేను తవ్విన గుంటలో పక్కలు నిలువుగా ఉంటాయి, దానికి అలా రాదు.

జనవరి 8

సొసైటీ కొత్త డైరీ ఇచ్చింది. నాకు ఈసారి నీలంది వచ్చింది. ఈ గోధుమరంగుదానిలో చివర ఇంకా ఒక కాగితం ఉంది, ఇవాళ్టిది ఇందులోనే రాస్తాను.

పోయిన వారం పదకొండు వచ్చాయి. మా చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాయి. ఒక్కసారే. పంకజ చెట్టు మీద దిగాయి. ఎడమ రెక్క వంకర ఉన్నది వాటిలో ఉందేమోనని చాలాసేపు చూశాను. లేదు. ఉన్నా ఏడాది వయసులో అది గూడు పెట్టదు, అంతే.

మొదటి గూడు పడింది. ఇవాళ ఒడి నింపడానికి అత్తను మంచంతో సహా మోసుకెళ్ళారు. నేను వెనకాల నిలబడ్డాను. పంకజ కొత్త చీరలో చేట పట్టుకుని చెట్టు కిందికి వెళ్ళింది. పసుపు మరీ ఎక్కువ వేసింది. తమలపాకులు తిరగేసి పెట్టింది. అత్త ఏటా చెప్పే మాట మొదలుపెట్టి, "వచ్చారా తల్లీ, కాళ్ళు నొప్పులా" దాకా వచ్చి ఆగిపోయింది. మర్చిపోయింది. అత్త నోరు మెదపలేదు. అందరూ చూస్తున్నారు.

"పుట్టిల్లే, మొహమాటం లేకుండా" అన్నాను వెనక నుంచి.

పంకజ తిరిగి చూసింది. కోపంగానో, ఎలాగో తెలియలేదు. జూలై నుంచి నా మొహంలోకి నేరుగా చూడటం ఇదే మొదలు.

"ఇది బరువుగా ఉందక్కా" అంది. "వచ్చి రెండో అంచు పట్టుకో."

చేటలో ఉన్నది సేరు బియ్యం, ఒక కొబ్బరికాయ. బరువేమీ లేదు. వెళ్ళి పట్టుకున్నాను.